ఓవెన్ తనంతట తాను శుభ్రపడుతుందా?

మాది నల్లగొండ జిల్లా చిట్యాల. హైదరాబాదు నుండి విజయవాడకు సాగే 65వ నంబరు జాతీయ రహదారి మా ఊరిని ఒరుసుకుంటూ పోతుంది. ఆ దారి వెంట ఉన్న హోటళ్ల తందూరు పొయ్యిలను బాల్యం నుండి చూస్తూ పెరిగినదానిని కనుక, నిప్పు విషయంలో నాకు ఒకరు చెప్పవలసినది ఏమీ లేదని అనుకునేదానిని. అరవై ఏళ్లు దాటిన తర్వాత, అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో ఒక మీట నొక్కి ఆ భ్రమను పోగొట్టుకున్నాను. ఈ వ్యాసం వ్రాయమని ప్రోత్సహించినది మా కోడలే. "అమ్మీ, మన ఊరి పిల్లలు ఎందరో విదేశాల్లో ఉన్నారు. వాళ్ల ఇళ్లకు వెళ్లే పెద్దవాళ్లకు పనికివస్తుంది, వ్రాయండి" అన్నది.

రెండేళ్ల క్రితం రమజాన్ మాసాన్ని మావారూ నేనూ డల్లాస్ నగర శివారులోని అబ్బాయి ఇంట్లో గడిపాము. కోడలు ఉద్యోగస్థురాలు. ఉపవాసంతోనే ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం వచ్చి, గంటలోపే ఇఫ్తార్ సిద్ధం చేసేది. నూనె వాడకం తగ్గించాలని సమోసాలు, కబాబులు, కోడి మాంసం అన్నీ ఓవెన్‌లోనే కాల్చేది. ఆ ఓవెన్ తలుపు తెరిచి చూస్తే లోపలి గోడలు నల్లగా ఉన్నాయి. అడుగున కొవ్వు చిట్లి, కాలి, పెంకులా గట్టిపడి ఉంది. కోడలి ముందు నేనేమీ అనలేదు. చిట్యాలలో ఉన్న మా చెల్లెలికి ఫోను చేసి మాత్రం అన్నాను. అది పరోక్షనింద అని తెలుసు, రమజాన్ మాసమనీ తెలుసు. అయినా అన్నాను.

పండుగకు మూడు రోజుల ముందు ఇంట్లో ఒంటరిగా ఉన్నాను. అబ్బాయి, కోడలు ఆఫీసుకు వెళ్లారు. తొమ్మిదేళ్ల మనుమడు బడికి పోయాడు. మావారు మసీదుకు వెళ్లారు. ఓవెన్ ముఖం మీద ‘సెల్ఫ్ క్లీన్’ అని ఇంగ్లీషులో వ్రాసి ఉన్న మీట నా కంటబడింది. ఆ మాత్రం చదవడం నాకు వచ్చు. గిన్నెలు కడిగే యంత్రాన్ని అప్పటికే చూసి ఉన్నాను కనుక ఇదీ అలాంటిదే అయి ఉంటుందని, ఎక్కడినుండో నీళ్లు వచ్చి లోపలంతా కడిగేస్తాయని ఊహించుకున్నాను. లోపల రెండు ఇనుప జాలీలు ఉన్నాయి. పై జాలీ మీద అంచులు మాడిన నల్లని నాన్‌స్టిక్ కేకు పళ్లెం ఒకటి ఉంది. అది కూడా శుభ్రపడుతుందిలే అని తీయలేదు. సాయంత్రం కోడలు వచ్చి తలుపు తీసి ఆశ్చర్యపోవాలి, అత్తగారు ఒక్క పూటలో చేసిన పని చూసి సిగ్గుపడాలి. నిజం చెప్పాలంటే నా మనసులో ఉన్నది ఇదే.

మీట నొక్కగానే తలుపు ‘టక్కు’మని దానంతట అదే గడియ వేసుకున్నది. నేను మేడమీదికి వెళ్లి, వుజూ చేసుకుని, జుహర్ నమాజు చేసి, ఖుర్ఆన్ తెరిచి కూర్చున్నాను. అరగంట గడిచిందో లేదో, మాడు వాసన మెట్లెక్కి వచ్చింది. వెంటనే పొగను పసిగట్టే అలారం చెవులు పగిలేలా మోగసాగింది. కిందికి దిగేసరికి వంటింట్లో నీలిపొగ తెరలా వ్యాపించి ఉంది. ఓవెన్ తలుపు లాగాను, రాలేదు. మీటను తిరిగి నొక్కాను, లోపలి ఎరుపు ఆరిపోయింది గాని గడియ మాత్రం ఊడలేదు. అబ్బాయికి ఫోను చేస్తే "అమ్మీ, ముందు మీరు ఇంటి బయటికి రండి" అన్నాడు. అందరికంటే ముందు చేరుకున్నది కోడలు. ఆమె అడిగిన మొదటి మాట, "అమ్మీ, మీకేమీ కాలేదు కదా?"

కిటికీలన్నీ తెరిచిన తర్వాత పంజరం వైపు చూసింది. వాళ్ల ఇంట్లో వంటగదికీ భోజనాల గదికీ మధ్య గోడ లేదు. ఆ మూలనే మనుమడి లవ్ బర్డ్స్ జంట ఉండేది, ఒకటి పచ్చది, ఒకటి నీలిది. రెండూ పంజరం అడుగున పడి ఉన్నాయి.

బడి నుండి వచ్చిన పిల్లవాడికి కోడలు "వంటింట్లో పొగ వచ్చింది బేటా, పక్షులు తట్టుకోలేకపోయాయి" అని మాత్రమే చెప్పింది. ఎవరు చేశారో చెప్పలేదు. నేను ఆమె ఓవెన్ సంగతి ఏడు సముద్రాల అవతల ఉన్న చెల్లెలికి చెప్పినదానిని, ఆమె నా సంగతి సొంత కొడుకుకు కూడా చెప్పలేదు. ఇఫ్తార్ తర్వాత వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని నేనే చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు తండ్రితో కలిసి ఇంటి వెనుక చెట్టు కింద చిన్న గొయ్యి తవ్వాడు. పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన స్త్రీ గురించిన హదీసు మనందరికీ తెలిసినదే. ఆ రాత్రి తరావీహ్‌లో నిలబడినంతసేపూ నాకు అదే గుర్తుకు వచ్చింది.

కడగడం కాదు, కాల్చడం

ఆ తర్వాత అబ్బాయి ఓవెన్‌తో వచ్చిన పుస్తకం తెచ్చి, పుట పుటా నాకు అర్థం చెప్పాడు. నేను మోసపోయినది ‘శుభ్రం’ అనే మాట దగ్గరే. మనకు శుభ్రత అనగానే నీరు గుర్తుకు వస్తుంది. ఈ యంత్రంలో నీరన్నది లేదు. ఉన్నదల్లా నిప్పే.

మామూలు వంటకు ఓవెన్ వేడి 250 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఆగిపోతుంది. శుభ్రపరచే మీట నొక్కితే అది దాదాపు 480 డిగ్రీలకు, కొన్నింటిలో 500 డిగ్రీలకు పోతుంది. ఆ వేడికి గోడలకు అంటుకున్న కొవ్వు, చక్కెర, పిండి అన్నీ విచ్ఛిన్నమై, కొంత వాయువుగా మారి బయటకు పోతాయి. మిగిలినది బూడిదై అడుగున రాలుతుంది. ఈ పని సాగేది రెండు నుండి నాలుగు గంటలు. ఆ తర్వాత చల్లారడానికి మరికొంత సమయం పడుతుంది. తలుపు గడియ పడేది ఇందుకే. అంత వేడిలో తలుపు తెరిస్తే లోపలి పొగలు బయటి గాలి తగిలి భగ్గుమనవచ్చు, తెరిచినవారి ముఖం కాలవచ్చు. అందువల్ల లోపలి వేడి తగినంత తగ్గేదాకా గడియ ఊడదు. మధ్యలో కరెంటు పోయినా అంతే. ఆనాడు నేను లాగినప్పుడు తలుపు రాకపోవడం అల్లాహ్ నాపై చూపిన దయ అని ఇప్పుడు అర్థమవుతోంది.

అంత వేడికి గోడలు ఎందుకు పాడైపోవు అన్న సందేహం నాకు కలిగింది. ఓవెన్ లోపలి ఉక్కు రేకుకు పూసినది రంగు కాదు, ఎనామిల్. అంటే ఒక రకమైన గాజు. దానిని ఉక్కు మీద సుమారు 800 డిగ్రీల వద్ద కరిగించి అతికిస్తారు. పుట్టుకలోనే అంత వేడి చూసిన పూతకు 500 డిగ్రీలు లెక్క కాదు. గోడలకు, బయటి రేకుకు మధ్య వేడి దాటకుండా మందంగా పొర కూరుతారు. ఆ పొర పుణ్యమా అని ఇలాంటి ఓవెన్లలో రోజువారీ వంటకు కూడా కరెంటు కొంత తక్కువే ఖర్చవుతుందట. ఈ విధానాన్ని ఇళ్ల కోసం మొట్టమొదట 1963లో అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ అంగడిలోకి తెచ్చింది. యూరప్ తయారీ ఓవెన్ల మీద దీనికే ‘పైరోలిటిక్’ అనే పేరు కనిపిస్తుంది.

అబ్బాయి ఇదంతా చెబుతుంటే నాకు మా ఊరి తందూరు గుర్తుకు వచ్చింది. తందూరును ఎవరైనా కడగగా చూశామా? పిండి గోడకు అంటుకుని మాడుతుంది, మాంసం నుండి కొవ్వు బొట్లు బొట్లుగా నిప్పుల మీద రాలుతుంది, అయినా మర్నాటికి ఆ గోడ తెల్లగా, పొడిగా ఉంటుంది. హైదరాబాదు పురానీ హవేలీ ప్రాంతంలో 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం పేరు వినని వారు తక్కువ. అలాంటి చోట్ల నాన్ రొట్టెను గోడకు చరిచే తందూరులోని వేడి కూడా దాదాపు 480 డిగ్రీలకు చేరుతుంది. రొట్టె తీశాక గోడకు మిగిలిన పిండి ముక్కలను చువ్వతో గీకివేస్తారు, గీకుడుకు రానిది నిప్పులో బూడిద అవుతుంది. కట్టెల భట్టీ ఉన్న పాత బేకరీలలోనైతే, లోపల మంట మండించి, నిప్పులను బయటికి లాగి, పొడుగు కర్రకు తడిగుడ్డ చుట్టి నేలను తుడిచి, అప్పుడు రొట్టెలు పెట్టేవారు. అమెరికా ఓవెన్ చేసే పని సరిగ్గా ఇదే. తేడా ఒక్కటే. తందూరు ఆరుబయట, లేదా పైకప్పు ఎత్తుగా ఉన్న చోట ఉంటుంది, ఎదుట ఒక మనిషి కాపలా ఉంటాడు. నేను దానిని కిటికీలు మూసిన ఇంట్లో మండించి, కాపలా విడిచి మేడెక్కాను.

పక్షులు ఎందుకు ముందుగా పోయాయి

పొగ రావడానికి కారణం గోడల మీది కొవ్వు. పక్షుల ప్రాణాలు తీసినది మాత్రం ఎక్కువగా ఆ నల్లని కేకు పళ్లెమే అయి ఉంటుంది. నాన్‌స్టిక్ పాత్రలకు పూసే పదార్థం 1938లో అమెరికాలో కనిపెట్టబడింది. టెఫ్లాన్ అనే పేరుతో అందరికీ తెలుసు. మామూలు వంట వేడిలో అది స్థిరంగా ఉంటుంది. 260 డిగ్రీలు దాటాక క్రమంగా చెడిపోవడం మొదలై, 350 దాటితే విషవాయువులను వేగంగా వదులుతుంది. నేను దానిని 480 డిగ్రీల వైపు నెట్టాను.

పక్షి ఊపిరితిత్తుల నిర్మాణం మన వాటికి భిన్నమైనది. ఎగరడానికి చాలా ప్రాణవాయువు కావాలి కనుక, వాటి శరీరంలో గాలి సంచులు ఉంటాయి. గాలి ఊపిరితిత్తుల గుండా ఒకే దిశలో ఆగకుండా ప్రవహిస్తుంది. గాలిలోని ప్రాణవాయువును మనకంటే బాగా పీల్చుకోగలవు, అదే గాలిలో విషం ఉంటే దానినీ అంత వేగంగానే పీల్చుకుంటాయి. ఈ సంగతి బొగ్గు గనుల వారికి ఎప్పుడో తెలుసు. బ్రిటన్ గనుల్లో కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టడానికి కానరీ పిట్టలను పంజరంలో పెట్టుకుని దిగేవారు. పిట్ట తూలిపోతే మనుషులు పైకి పరుగెత్తేవారు. ఆ ఆచారం 1986 వరకు సాగింది. ఆ పక్షులు చనిపోయిన గాలినే ఆనాడు నేనూ పీల్చాను. ఆ సాయంత్రం చలి, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు వచ్చాయి, రెండో రోజుకు తగ్గాయి. నాన్‌స్టిక్ పొగ పీల్చినవారికి జలుబు జ్వరం లాంటిది వస్తుందని, దానికి వైద్యశాస్త్రంలో ప్రత్యేకంగా ఒక పేరే ఉన్నదని తర్వాత తెలిసింది. నాకు వచ్చినది అదేనో, దిగులు వల్ల వచ్చినదో చెప్పలేను.

నాన్‌స్టిక్ పళ్లెం లేకపోయినా ప్రమాదం పూర్తిగా తొలగిపోదు. కొవ్వు కాలినప్పుడు కళ్లు మండించే ఘాటైన పొగ పుడుతుంది. పూర్తిగా కాలని పదార్థం నుండి కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అందువల్ల ఉబ్బసం ఉన్నవారు, చంటిపిల్లలు, గర్భిణులు ఆ పూట ఇంట్లో లేకుండా ఉండడమే మేలు. పంజరాన్ని వంటింటికి దూరంగా, గాలి ఆడే మరో చోటికి, వీలైతే పొరుగింటికి మార్చమని ఓవెన్ తయారీదారుల పుస్తకాలే చెబుతాయి. ఆ వాక్యం మా అబ్బాయి ఇంట్లోని పుస్తకంలో కూడా ఉంది. ఎవరమూ చదవలేదు.

పిల్లల ఇళ్లలో ఈ మీట ఉంటే

విదేశాల్లో కాపురం ఉన్న ఆడపిల్లలకు, కోడళ్లకు ఈ మాటలు కొత్తవి కాకపోవచ్చు. వాళ్ల దగ్గరికి వెళ్లే నావంటి పెద్దవాళ్లకు పనికివస్తాయి. మొదటిది, ఇంటివాళ్లు లేనప్పుడు ఆ మీట జోలికి పోవద్దు. వాళ్లు ఉన్నప్పుడు కూడా, పని పూర్తయ్యేదాకా ఒకరు మెలకువగా ఇంట్లో ఉండాలి. రాత్రి నొక్కి పడుకోవడం చాలామంది చేసే పొరపాటు.

నొక్కే ముందు లోపల ఉన్నవన్నీ బయటికి రావాలి. పళ్లేలు, గిన్నెలు మాత్రమే కాదు, ఇనుప జాలీలు కూడా. జాలీలను లోపలే ఉంచితే వాటి మెరుపు పోయి, తర్వాత గాడుల్లో సాఫీగా జరగవు. జిడ్డు కారకుండా అడుగున పరిచిన అల్యూమినియం ఫాయిల్ ఉంటే అది తప్పకుండా తీయాలి, లేకుంటే ఎనామిల్‌కు అతుక్కుపోయి మరి ఊడదు. ఓవెన్ కింద సొరుగు ఉంటే దానిలోని పాత్రలనూ తీసివేయాలి. పైపై కొవ్వును, ముక్కలను గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డతో తుడిచివేయాలి. జిడ్డు ఎంత తక్కువ ఉంటే పొగ అంత తక్కువ. ఈ పనంతా చేశాక చూస్తే, సగం శుభ్రత చేత్తోనే అయిపోయిందని తెలుస్తుంది. ఇక ఆ మీట అవసరమా అని నాకు అనిపించింది గాని, కోడలు నవ్వి ఊరుకుంది.

బజారులో దొరికే ఓవెన్ క్లీనర్ స్ప్రేలలో సాధారణంగా కాస్టిక్ సోడా ఉంటుంది. దానిని చల్లి, ఆపై ఈ మీట నొక్కితే ఘాటు పొగలు వస్తాయి, ఎనామిల్ దెబ్బతింటుంది. రెండింటిలో ఏదో ఒకటే. తలుపు చుట్టూ ఉండే మెత్తని పట్టీని రుద్దకూడదు, అది చెడితే వేడి బయటికి తన్నుతుంది. కిటికీలు ముందే తెరవాలి. పొయ్యి మీది ఫ్యాను వేయాలి గాని, దానిని పూర్తిగా నమ్మరాదు. అమెరికా ఇళ్లలో చాలా ఫ్యాన్లు పొగను బయటికి పంపవు, జల్లెడ పట్టి తిరిగి వంటింట్లోకే వదులుతాయి. ఓవెన్ తలుపు బయటి అద్దం కూడా మామూలుకంటే ఎక్కువగా వేడెక్కుతుంది, తప్పటడుగులు వేసే పిల్లలను ఆ దరికి రానీయకూడదు. లోపల మంట కనిపిస్తే తలుపు లాగే ప్రయత్నం చేయకుండా, నీళ్లు పోయకుండా, కరెంటు ఆపివేసి, బయటికి వచ్చి అగ్నిమాపక శాఖకు ఫోను చేయాలి.

పండుగ ముందు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అంత వేడికి లోపలి థర్మల్ ఫ్యూజు తెగిపోవడం, మీటలను నడిపే ఎలక్ట్రానిక్ పలక చెడిపోవడం, గడియ బిగుసుకుపోవడం వినని విషయాలు కావు. మా ఇంట్లో అదే జరిగింది. చల్లారాక గడియ ఊడింది, లోపల ఉన్నది తీసి పారవేశాము, తీరా చూస్తే ఓవెన్ వెలగలేదు. మరమ్మతు మనిషి పండుగ దాటిన నాలుగో రోజుకు గాని రాలేదు. పండుగనాడు ఇరవైమంది అతిథులకు బిర్యానీ దమ్ము ఓవెన్‌లో పెట్టాలని కోడలు ఏర్పాటు చేసుకుంది. చివరికి ఆ దమ్మును పొయ్యి మీద పెనం పెట్టి, దానిపై దేగిసా ఉంచి, మూతకు పిండి చుట్టి నేనే వేశాను. ఆ మాసంలో నా వల్ల ఆమెకు జరిగిన మేలు అదొక్కటే.

మన వంటిళ్లలో ఉన్నవి ఏమిటి?

చిట్యాలకు తిరిగి వచ్చాక నాకు మరో సంగతి తెలిసింది. మన వాళ్ల ఇళ్లలో ఇప్పుడు ఓవెన్లు చాలానే ఉన్నాయి. కేకులు, నాన్ ఖతాయీలు, దమ్‌కే రోట్ ఇంట్లోనే చేసుకుంటున్నారు. ఒకప్పుడు పిండి, నెయ్యి, చక్కెర కలిపి బేకరీ భట్టీకి పంపేవాళ్లం. ఈ ఓవెన్లలో చాలావరకు బల్ల మీద పెట్టుకునే ఓటీజీలు, లేదా మైక్రోవేవ్‌లు. ఓటీజీ వేడి 250 డిగ్రీల దగ్గర ముగుస్తుంది. దానికి కొవ్వును బూడిద చేసే శక్తి లేదు, అలాంటి గడియ లేదు, అలాంటి మందమైన పొర లేదు. పొరుగింటి అమ్మాయి ఒకతె "ఖాళీగా నిండు వేడి మీద రెండు గంటలు నడిపితే జిడ్డు కాలిపోతుందట కదా ఖాలా" అని నన్ను అడిగింది. కాలదు. జిడ్డు మరింత మాడి గట్టిపడుతుంది, పొగ వస్తుంది, ప్లగ్గు కరిగినా ఆశ్చర్యం లేదు.

మైక్రోవేవ్‌ల మీద ఉండే ‘స్టీమ్ క్లీన్’ లేదా ‘ఆటో క్లీన్’ మీట మరీ తప్పుదారి పట్టిస్తుంది. పేరు అదేలా వినిపించినా అక్కడ జరిగేది కేవలం నీటిని ఆవిరి చేయడం. గిన్నెడు నీటిలో నిమ్మచెక్క వేసి ఐదు నిమిషాలు మరిగించి, మరో ఐదు నిమిషాలు తలుపు తీయకుండా ఉంచి, మెత్తని గుడ్డతో తుడిచినా అదే ఫలితం. మరిగిన నీటి గిన్నెను వెంటనే కదిలించకూడదు, ఒక్కసారిగా పొంగి చేతులు కాల్చే అవకాశం ఉంది. నీటిలో ముందే ఒక కర్ర చెంచా వేసి ఉంచితే ఆ బెడద తగ్గుతుంది. మన ప్రాంతపు పాఠకులకు ఇంకొక మాట. నల్లగొండ బోరు నీళ్ల సంగతి మనకు చెప్పనక్కరలేదు. ఆవిరి కోసం ఆ నీటిని వాడితే తెల్లని ఉప్పు పొర మిగిలి, జిడ్డు పోయిన చోట సున్నం చేరుతుంది. ఫిల్టరు నీళ్లు వాడడం మంచిది.

కొత్త ఇళ్లలో గోడలో అమర్చే పెద్ద ఓవెన్లు పట్టణాల్లో అక్కడక్కడా కనబడుతున్నాయి. వాటిలో మూడు తరహాలు ఉన్నాయి. అధిక వేడితో కాల్చేవి ఒకటి. రెండో రకంలో లోపలి పక్కపలకలకు ఒక ప్రత్యేకమైన గరుకు పూత ఉంటుంది. 200 డిగ్రీలు దాటిన వేడిలో మామూలుగా వంట చేస్తున్నప్పుడే అది చిట్లిన జిడ్డును నెమ్మదిగా తినివేస్తుంది. ఈ పలకలను సబ్బుతో, పీచుతో రుద్దితే పూత పోయి పలక నిరర్థకమవుతుంది. మూడోది అడుగున కాసిని నీళ్లు పోసి ఆవిరి పట్టేది, దీని తర్వాత చేత్తో తుడవక తప్పదు. అమ్మేవారు మూడింటినీ ‘సెల్ఫ్ క్లీన్’ అనే అంటారు. ఎన్ని డిగ్రీలకు పోతుంది అని అడిగితే నిజం బయటపడుతుంది. మొదటి రకానికైతే మూడున్నర కిలోవాట్ల దాకా కరెంటు లాగే సామర్థ్యం ఉంటుంది, అంటే పదిహేను ఆంపియర్లు. మిక్సీ పెట్టుకునే ప్లగ్గుకు అది కాదు, విడిగా తీగ లాగి ఎంసీబీ పెట్టించాలి. ఒక్కసారి నడిపితే ఐదారు యూనిట్లు కాలుతాయి. మే నెలలో మన ఎండకు తోడు మూడు గంటల పాటు ఆ వేడి కూడా వంటింట్లోకి రావాలని కోరుకునేవారు ఎవరుంటారు? నా మట్టుకు నేను ఆవిరిదే చాలు అంటాను.

ఓటీజీ విషయంలో నేను చేసే పని చాలా చిన్నది. ప్లగ్గు పీకి, పూర్తిగా చల్లారనిచ్చి, అడుగున రాలిన పొడి కోసం ఉండే పళ్లాన్ని ప్రతిసారీ దులుపుతాను. దానిని దులపకపోవడమే సగం మాడు వాసనకు కారణం. వారానికి ఒకసారి తినే సోడాను కొద్ది నీటితో ముద్దగా కలిపి, మచ్చల మీద రాసి, గంటసేపు ఉంచి, తడిగుడ్డతో రెండు మూడు మార్లు తుడుస్తాను. వేడెక్కే కడ్డీల మీద ఆ ముద్ద పడనివ్వను, నీళ్లు చిమ్మను. అల్యూమినియం పళ్లేలకు సోడా పట్టిస్తే నల్లబడతాయి, వాటికి గిన్నెలు తోమే సబ్బు చాలు. స్టీలు పీచు ఎనామిల్‌ను గీరుతుంది, గీత పడిన చోట మరుసటిసారి జిడ్డు మరింత గట్టిగా పట్టుకుంటుంది. ఇంకొకటి. మొండి మరక కనబడితే బాత్రూము కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడరు రెండూ తెచ్చి కలిపేవారు ఉన్నారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన వంటింట్లో అది ప్రాణాంతకం. బ్లీచింగ్‌లో సిర్కా కలిపినా అంతే.

పోయిన డిసెంబరులో అబ్బాయి కుటుంబం చిట్యాలకు వచ్చింది. కోడలు నా ఓటీజీ తలుపు తెరిచి చూసి, "అమ్మీ, ఇది నాదానికంటే తెల్లగా ఉంది" అన్నది. తెల్లగా ఉండటానికి కారణం నేను దానిలో నెలకు రెండుసార్లు కూడా వండకపోవడమే అని చెప్పాను. ఆమె తన ఓవెన్‌లో ముప్పై రోజులు మా అందరికీ వండింది.

మనుమడు మళ్లీ పక్షులు కావాలని అడిగి తెచ్చుకున్నాడు. ఈసారి పంజరం మేడమీద వాడి గదిలో ఉంది. కింద, ఓవెన్ మీట పక్కన ఒక చీటీ అంటించి ఉందని వీడియోలో చూపించాడు. దాని మీద ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో వాడే వ్రాశాడు. తెలుగు అక్షరాలు ఇంకా వంకరగానే ఉన్నాయి: "దాదీ, నొక్కవద్దు."